నెత్తి మీద కుర్చీలు: ఓడలో మా తొమ్మిది రాత్రులు

ముందు మా ఊరి ట్రావెల్స్ అతని సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. "మేడమ్, మీకోసం స్పెషల్‌గా పై డెక్ తీశాను, హోటల్లో పై అంతస్తు ఎలాగో ఇదీ అలాగే, గాలీ వెలుతురూ బాగుంటాయి" అన్నాడు. గాలీ వెలుతురూ దేవుడెరుగు, అది అసలు కిటికీయే లేని లోపలి గది. దాని నెత్తి మీద సరిగ్గా ఈత కొలను. రాత్రి పన్నెండు దాకా అక్కడ పాటలు, మళ్ళీ తెల్లారగట్ల ఐదు కాకముందే పనివాళ్ళొచ్చి పడక కుర్చీలు బర్రుబర్రుమని ఈడ్చి వరసలు పెట్టడం. పైగా ఓడ ముక్కు వైపు గది. ఊగేటప్పుడు ఓడ రెండు చివర్లూ, పై అంతస్తులూ ఎక్కువ ఊగుతాయట, నడిమధ్యన కింది అంతస్తుల్లో ఉన్నవాళ్ళకి అంత తెలియదట. ఈ ముక్క ఓడెక్కిన రెండో రోజు పక్క టేబుల్ మీద కూర్చున్న చెన్నై ఆవిడ చెప్తే తెలిసింది. డబ్బు కట్టకముందు తెలిసుంటే మా బావగారు అన్ని రోజులు మంచం పట్టేవారు కాదు.

వెళ్ళింది నలుగురం. నేను, మావారు, మా అప్ప, బావగారు. అందరం అరవై దాటినవాళ్ళమే. మావారికి మోకాళ్ళు, బావగారికి సుగరు, నాకు నిద్ర పట్టని జబ్బు, అప్పకి ఏ జబ్బూ లేదు గానీ ఊరుకోలేని నోరు. 2025 సంక్రాంతి అయ్యాక బయల్దేరి, అరసవల్లి రథసప్తమికి ఇంట్లో ఉండాలన్నది అప్ప పెట్టిన షరతు. శ్రీకాకుళం నుంచి విశాఖకి కారు, అక్కడినుంచి సింగపూర్‌కి నేరుగా విమానం, నాలుగు గంటలే. ఓడెక్కడానికి ఒక రోజు ముందే వెళ్ళి లిటిల్ ఇండియాలో ఒక రాత్రి పడుకున్నాం, మా ఇద్దరికీ 10,200 రూపాయలైంది. ఇది మాత్రం మేం చేసిన తెలివైన పని. విమానం ఆలస్యమైతే ఓడ మనకోసం ఆగదు.

ఓడ దారి ఇదీ: సింగపూర్‌లో ఎక్కి ఒక రోజు సముద్రం, బ్యాంకాక్‌లో రెండు రోజులు, మళ్ళీ ఒక రోజు సముద్రం, తర్వాత వియత్నాంలో హో చి మిన్ సిటీ, న్యా ట్రాంగ్, రెండు రోజులు సముద్రం, పదో రోజు పొద్దున్న తిరిగి సింగపూర్. ఓడ చార్జీ ఇద్దరికీ 1,73,000. సింగపూర్ వీసా ఒక్కసారికే కాకుండా మళ్ళీ లోపలికి రానిచ్చేది తీసుకోవాలి, ఎందుకంటే ఓడ దిగేది కూడా అక్కడే. సింగపూర్‌కి వెళ్ళేముందు ఆన్‌లైన్‌లో ఒక అరైవల్ కార్డు నింపాలి, దానికి పైసా ఖర్చు లేదు. మా ట్రావెల్స్ వాడు దానికి తలకి 400 తీసుకున్నాడు! ఫోన్లో మా మనవడు ఐదు నిమిషాల్లో నింపేసేవాడు.

ఎక్కేటప్పుడే మొదటి దెబ్బ. ఉప్మాకీ వేడినీళ్ళకీ పనికొస్తుందని అప్ప తెచ్చుకున్న కరెంటు కెటిల్ని స్కానింగ్‌లో పట్టేశారు. నిప్పు భయం వల్ల కెటిల్, ఇస్త్రీపెట్టె లాంటివి గదుల్లో ఉండనివ్వరు. చీటీ రాసిచ్చి దిగేరోజు ఇస్తామన్నారు. సీలు విప్పని ఆవకాయ ప్యాకెట్లు, అల్లం మురబ్బా వదిలేశారు. "ఓలమ్మా, ఇంత ఓడకి నా కెటిలేటి బరువా?" అని అప్ప ఆ పూటంతా సణుగుతూనే ఉంది.

ఇక మేం చేసిన తప్పు. దానికి ఏజెంటు బాధ్యత ఏమీ లేదు, పూర్తిగా మాదే. ఇంత డబ్బు పోశాం, రాబట్టుకోవాలి అనుకున్నాం. మొదటి రాత్రి బఫేలో జనం కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరలా ఉన్నారు. మేమూ పళ్ళేలు పట్టుకుని దూరాం, కనిపించినదల్లా వడ్డించుకున్నాం, బావగారు "ఓడలో సుగరు లెక్కలేంటి" అని మూడు రకాల కేకులు తిన్నారు, తొమ్మిదిన్నరకి షో, దాని తర్వాత ఇంకో పాటల కచేరీ. పడుకునేసరికి ఒంటిగంట. ఐదింటికి కుర్చీలు!

రెండో రోజు పొద్దున్న ఓడ ఊగడం మొదలైంది. నవంబరు నుంచి మార్చి దాకా అటు ఈశాన్య రుతుపవనాల గాలి, ఆ సముద్రం చికాగ్గా ఉంటుంది. మేం ఉత్తరానికి వెళ్తున్నాం, అలలు ఎదురొస్తున్నాయి, మా గదేమో ముక్కు మీద. ఒకసారి లేచి ఒకసారి దిగుతుంటే పొట్టలో పేగులు కూడా దానితోపాటే. మా అప్ప తలుపు పట్టుకుని "ఏటే ఇది, ఊయలేసి ఊపేస్తన్నారా మనల్ని?" అంది. బావగారు అప్పటికే బాత్‌రూమ్‌లో ఉన్నారు. కక్కుకుని కక్కుకుని మనిషి వడలిపోయారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటే చూసినందుకే 150 డాలర్లట, ఆ మాట విని ఆయనకి సగం జబ్బు తగ్గింది. రిసెప్షన్‌లో అడిగితే వికారం మాత్రలు ఊరికే ఇచ్చారు, పచ్చ యాపిల్, ఉప్పు బిస్కెట్లు గదికి పంపారు. వికారం మొదలయ్యాక వేసుకుంటే ఆ మాత్ర అంతగా పని చెయ్యదు. ముందే వేసుకోవాలి. మత్తుగా ఉంటుంది కూడా, అంచేత బీపీ సుగరు మందులు వాడేవాళ్ళు ఊళ్ళోనే డాక్టర్ని అడిగి తెచ్చుకోండి. కిటికీ లేని ఆ గదిలో పడుకున్నా ఆయనకి తగ్గలేదు. మధ్య డెక్ మీదికి తెచ్చి సముద్రం అంచుని చూస్తూ కూర్చోబెట్టి, అల్లం మురబ్బా నోట్లో పెట్టాక గంటకి కాస్త తేరుకున్నారు. రైళ్ళలో అమ్మితే ఎప్పుడూ కొనని మురబ్బా, అప్ప ఏ దేవుడి దయ వల్ల కొందో.

మూడో రోజు బ్యాంకాక్. బ్యాంకాక్ అని కాగితం మీద రాస్తారు గానీ ఓడ ఆగేది లేమ్ చబాంగ్ అనే రేవులో. అక్కడినుంచి నగరానికి మా ఊరి నుంచి విశాఖకి ఎంతో దాదాపు అంతే దూరం, బస్సులో రెండు గంటలు, ట్రాఫిక్ పడితే ఇంకా. ఓడవాళ్ళ టూరుకి తలకి 139 డాలర్లు ముందే కట్టేశాం. బావగారు రాలేను అంటే సరిపోయేది. "కట్టాం కదా" అని వచ్చారు. బస్సులో రెండుసార్లు కవరు అందించాం. గ్రాండ్ ప్యాలెస్‌లో ఎండ, జనం, మావారి మోకాళ్ళు. వాట్ ఫో గుడిలో 46 మీటర్ల పొడవున పడుకున్న బుద్ధుణ్ణి చూసి బావగారు "ఈయనకున్న సుఖం మనకి లేదు" అన్నారు. రాత్రి ఎనిమిదిన్నరకి ఓడ చేరాక నలుగురం ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

నాలుగో రోజు ఓడ అక్కడే ఉంది. మళ్ళీ బస్సెక్కే ఓపిక ఎవరికీ లేక ఉండిపోయాం. అప్పుడు తెలిసింది అసలు సంగతి. రేవులో ఉన్న రోజు ఓడ ఖాళీ! జనమంతా ఊరి మీద పడతారు. ఈత కొలను దగ్గర మేమే, లిఫ్టు కోసం ఆగక్కర్లేదు, బఫేలో తోపులాట లేదు, ఓడ కదలదు. మావారు గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో మోకాళ్ళు నానబెట్టుకుని గంటన్నర కూర్చున్నారు. నేను మధ్యాహ్నం మూడు గంటలు నిద్రపోయాను. పైన కుర్చీలు ఈడ్చే చప్పుడుకి రిసెప్షన్‌లో మూడోసారి గొడవ పెట్టుకుంటే గది మార్చలేం, ఓడ నిండిపోయింది అని చెప్పి, చెవుల్లో పెట్టుకునే స్పాంజి ముక్కలు ఇచ్చారు. మర్యాదగానే చెప్పారు, వాళ్ళననడానికేం లేదు.

ఐదో రోజు భోజనం గురించి రాయాలి. అప్పటికి నాలుక చచ్చిపోయింది. అన్నీ ఉంటాయి, మనకి కావలసింది ఉండదు. బఫేలో ఇండియన్ అని రాసిపెట్టిన మూల ఒకే రకం పసుపు గ్రేవీ, రోజుకో పేరుతో. ఆ రాత్రి బఫే మానేసి, టేబుల్ దగ్గరికి తెచ్చి వడ్డించే పెద్ద డైనింగ్ హాలుకి వెళ్ళాం. దానికి విడిగా డబ్బేమీ లేదు, బట్టలు బాగా వేసుకోవాలేమోనని ఇన్నాళ్ళూ జంకాం, అంతే. చీర కన్నా మంచి బట్టలేముంటాయి? అక్కడ పెద్ద వెయిటరు గోవా అతను, మా మొహాలు చూసి హిందీలో "అమ్మా, అన్నం తిని ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు. అప్పకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నేను అబద్ధం చెప్పడం లేదు. రేపు ఏం కావాలో ఈ రాత్రే చెప్పేస్తే కిచెన్‌లో చేయిస్తాం, ఇది ఎవరడిగినా చేస్తాం అన్నాడు. మర్నాడు రాత్రి పప్పు, మెతుకు విడిన అన్నం, బెండకాయ వేపుడు, గడ్డపెరుగు, నాలుగు పచ్చిమిరపకాయలు. ఆవకాయ మేం తీశాం. బావగారు ఓడెక్కాక మొదటిసారి రెండోమారు వడ్డించుకున్నారు. తర్వాత రోజూ అదే వేళకి అదే టేబుల్. కేకుల జోలికి ఎవరూ పోలేదు.

ఈ పప్పన్నం లేకపోతే ఆరో రోజు మేం తేరుకునేవాళ్ళం కాదు. ఆ పొద్దున్నే హో చి మిన్ సిటీ టూరు, తలకి 119 డాలర్లు, ఇదీ ముందే కట్టినదే. బావగారు ఈసారి తెలివిగా పడుకున్నారు, అప్ప ఆయనకి కాపలా ఉండిపోయింది, 238 డాలర్లు నీళ్ళపాలు. మేమిద్దరం వెళ్ళాం. ఓడ ఫూ మీ రేవులో ఆగుతుంది, రెండు గంటలు బస్సు పోను, రెండు గంటలు రాను. మధ్యలో భోజనానికి గంట, లక్క బొమ్మల దుకాణంలో ముప్పావు గంట కూలేశారు, కొనకపోతే గైడు మొహం మాడ్చుకుంది. నగరం చూసింది మొత్తం రెండున్నర గంటలు. 1891లో పూర్తయిన పోస్టాఫీసు బాగుంది, పక్కన చర్చికి మరమ్మతులు, చుట్టూ ఇనుప గొట్టాలు. వాళ్ళ కొత్త సంవత్సరం టెట్ దగ్గర పడింది, వీధుల నిండా పసుపు పూల కుండీలు, బైకుల మీద నిలువెత్తు చెట్లు కట్టుకుని పోతున్నారు. దిగి ఆ వీధిలో అరగంట నడవనిస్తే చాలనుకున్నాను, బస్సు అద్దంలోంచే చూపించారు.

న్యా ట్రాంగ్‌లో మాత్రం ఏ టూరూ కట్టలేదు. ఓడ దూరంగా లంగరేస్తుంది, చిన్న పడవల్లో ఒడ్డుకి దించుతారు. పడవలోకి అడుగు వెయ్యడం మోకాళ్ళవాళ్ళకి కాస్త భయమే, కానీ ఇద్దరు కుర్రాళ్ళు రెండు రెక్కలూ పట్టుకుని దింపారు. పొద్దున్నే వెళ్ళే జనాన్ని పోనిచ్చి పదిన్నరకి తీరిగ్గా దిగాం. టాక్సీ మాట్లాడుకుని పో నగర్ గుడికి. పూర్వం చామ్ రాజులు కట్టిన ఇటుక గోపురాలు, లోపల పది చేతుల అమ్మవారు. అప్ప చెప్పులు విడిచి ఒక్కసారిగా సాష్టాంగపడిపోయింది. పక్కన దండం పెట్టుకుంటున్న వియత్నాం ముసలావిడ నవ్వి తన అగరొత్తుల్లో మూడు తీసి అప్ప చేతిలో పెట్టింది. ఆ గోపురాలు చూస్తుంటే నాకు మన శ్రీముఖలింగం గుర్తొచ్చింది, ఆ వయసే, ఆ ప్రశాంతతే. గంటసేపు చెట్టు కింద కూర్చుని కొబ్బరి బొండాలు తాగి ఒంటిగంటకల్లా ఓడకి వచ్చేశాం. మొత్తం యాత్రలో అతి తక్కువ ఖర్చయిన రోజు, నేను మళ్ళీ మళ్ళీ తలుచుకునే రోజు కూడా అదే.

చివరి రెండు రోజులూ సముద్రమే. అలలు వెనకనుంచి వస్తున్నాయి, ఊగుడు తగ్గింది. పొద్దున్న ఎండ రాకముందు డెక్ మీద ఆరు రౌండ్లు నడక, తర్వాత నీడన కూర్చుని కబుర్లు, పన్నెండుకి తేలిగ్గా భోజనం, నిద్ర, సాయంత్రం షోకి వెళ్తే వెళ్ళడం లేకపోతే లేదు. చేతులు మాత్రం తినేముందు ప్రతిసారీ సబ్బుతో కడుక్కోండి, గుమ్మం దగ్గర చల్లే మందుని నమ్ముకోకండి, ఓడల్లో వాంతులు విరేచనాలు ఒకరికొస్తే చాలామందికి అంటుకుంటాయి. ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోంచి తియ్యకండి, ఓడ నెట్‌వర్క్ పట్టుకుందంటే బిల్లు చూసి గుండె ఆగుతుంది. నెట్ రోజుకి 20 డాలర్లన్నారు, మేం తీసుకోలేదు. తొమ్మిది రోజులు వాట్సాప్ లేకపోతే ఎవరూ చచ్చిపోలేదు, మావారు కాస్త చిరాకుపడ్డారంతే.

ఆఖరి రాత్రి పెట్టెలు బయట పెట్టమన్నారు, పొద్దున్నే బిల్లు తలుపు కింద ఉంది. సర్వీస్ చార్జీ తలకి రోజుకి 18 డాలర్లు, తొమ్మిది రాత్రులకి ఇద్దరికీ 324, మన డబ్బుల్లో 28,512. "అన్నీ అందులోనే మేడమ్" అన్నాడు కదా మా ఏజెంటు! విమానం, వీసాలు, ఇన్సూరెన్స్, టూర్లు అన్నీ కలిపితే మా ఇద్దరికీ 3 లక్షల 23 వేలు తేలింది. వాడు చెప్పింది రెండున్నర లోపు. వచ్చిన మర్నాడే ఏడు రోడ్ల జంక్షన్ దాకా వెళ్ళి నిలదీశాను. "అది ఓడవాళ్ళది మేడమ్, మా చేతిలో లేదు" అన్నాడు. మరి గది? "పై డెక్ అందరూ అడుగుతారు మేడమ్." అరైవల్ కార్డుల 1,600 మాత్రం కక్కించాను, నలుగురివీ.

రథసప్తమికి ఇంట్లోనే ఉన్నాం. దర్శనం క్యూలో నిలబడి అప్ప "వచ్చేయేడు ఇంకో ఓడ చూడవే" అంది. బావగారు వినబడనట్టు అటు తిరిగారు. నేను ఓడ నమూనా పటం ముందు తెప్పించి, నడిమధ్య, కింది అంతస్తు, పైనా కిందా కూడా గదులే ఉన్న నంబరు నా వేలితో చూపించాకే అడ్వాన్స్ ఇస్తానన్నాను. కెటిల్ సంగతి అప్ప అడగలేదు. చీటీ పారేసుకుంది, అది ఇంకా ఆ ఓడలోనే తిరుగుతోంది.