సింగపూర్ ఓడకి శ్రీకాకుళంలో కాగితాలు: ల్యాబుకి మూడు మార్కులు, నెట్ సెంటర్‌కి అయిదు

ముందే చెప్పేస్తాను. కరోనా టెస్టుకి శాంపిల్ తీయడంలో మా ఊరి ల్యాబుకి వంక పెట్టడానికి లేదు. కాగితం దగ్గరే చుక్కలు చూపించారు. జ్వరానికో షుగరుకో టెస్టు చేయించుకుని డాక్టరుకి చూపించేవాళ్లు నిశ్చింతగా వెళ్లొచ్చు. పాస్‌పోర్టు పట్టుకుని దేశం దాటాల్సినవాళ్లు మాత్రం కౌంటర్ దగ్గర మొహమాటపడితే కుదరదు. ల్యాబు పేరు చెప్పకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఈ జబ్బు ఆ ఒక్క ల్యాబుదే కాదని తెలిసినవాళ్లు చెబుతున్నారు.

సింగపూర్‌లో ఉంటున్న మా ఆడపడుచు వాళ్లు 2022 జూలైలో మాకు ఓడ ప్రయాణం బుక్ చేశారు. సింగపూర్‌లో ఎక్కి, పెనాంగ్‌లో ఒక పూట దిగి, మళ్లీ సింగపూర్‌కే రావాలి. మా అత్తగారు, మా ఆయన, ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి, నేను. మాది పెయింట్లు, హార్డ్‌వేర్ షాపు. బిల్లులు, బాకీలు నేనే చూస్తాను కాబట్టి ఏ కాగితమైనా అంకెలు సరిచూడందే చేతిలోంచి వదలను. ఆ అలవాటే ఈసారి పనికొచ్చింది.

విమానం టికెట్లు తీసిన ట్రావెల్స్ ఆయన, "టెస్టు ఏటీ అక్కర్లేదండీ, సింగపూర్ వాళ్లు ఎప్పుడో ఎత్తేశారు" అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. రెండు డోసులు పూర్తయినవాళ్లకి బయల్దేరే ముందు టెస్టు అక్కర్లేదని సింగపూర్ ప్రభుత్వం ఏప్రిల్ 26 నుంచే తీసేసింది. కానీ దేశంలోకి రానివ్వడం వేరు, ఓడలోకి రానివ్వడం వేరు. మా ఓడ కంపెనీ పంపిన మెయిల్‌లో, ఎక్కడానికి ముందు 72 గంటల్లోపు తీసిన శాంపిల్‌తో నెగటివ్ రిపోర్టు, దాని మీద పాస్‌పోర్టు నంబరు, శాంపిల్ తీసిన తేదీ, టైము ఉండాలని స్పష్టంగా రాసుంది. ట్రావెల్స్ ఆయనకి విమానం సంగతి తెలుసు, ఓడ సంగతి తెలీదు. ఆ మెయిల్ మా అబ్బాయి చేత చదివించుకోకపోతే సింగపూర్ దాకా వెళ్లి రేవులో నిలబడేవాళ్లం.

ఓడల వాళ్లకి అంత భయం ఎందుకో అర్థం చేసుకోవచ్చు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకోహామా దగ్గర డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడని ఆపేసినప్పుడు అందులో 3,711 మంది ఉన్నారు, 700 మందికి పైగా వైరస్ సోకింది. ఆ డిసెంబర్‌లోనే సింగపూర్ నుంచి బయల్దేరిన ఇంకో ఓడ, ఒక పెద్దాయనకి పాజిటివ్ వచ్చిందని మధ్యలోనే వెనక్కి తిరిగింది. తీరా మళ్లీ పరీక్ష చేస్తే ఆయనకి నెగటివ్! ఒక్క రిపోర్టుతో మొత్తం ఓడ వెనక్కి రావాల్సి వచ్చిందన్నమాట. అలాంటివాళ్లు కాగితాల దగ్గర పట్టుబడితే తప్పుపట్టను.

ముందు టీకాల సంగతి. మా ఆయనవి, నావి, అబ్బాయివి చిటికెలో అయిపోయాయి. మా ఆయనకి, అబ్బాయికి కొవాగ్జిన్, నాకు కోవిషీల్డ్. కొవాగ్జిన్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నవంబర్ 3న గుర్తించింది కాబట్టి ఇబ్బంది రాలేదు, అంతకుముందు ఏడాది అయితే మా ఆయన ఇంటి దగ్గరే ఉండాల్సి వచ్చేది. పన్నెండు నుంచి పధ్నాలుగేళ్ల పిల్లలున్నవాళ్లు మాత్రం చూసుకోవాల్సి వచ్చేది, మన దగ్గర వాళ్లకి వేసింది కోర్బెవాక్స్. అప్పటికి అది ఆ సంస్థ జాబితాలోకి రాలేదు. బుక్ చేసే ముందే ఓడ కంపెనీకి మెయిల్ పెట్టి అడగడం మంచిది.

చిక్కంతా మా అత్తగారి దగ్గర వచ్చింది. ఆవిడ మొదటి డోసు నరసన్నపేట దగ్గర ఊళ్లో, సచివాలయం క్యాంపులో వేయించుకున్నారు. రిజిస్టర్ చేసింది వాలంటీరు ఫోన్ నంబరుతో. రెండో డోసు మా దగ్గరకి వచ్చాక, నా నంబరుతో. కోవిన్‌కి, అంటే టీకాలు నమోదయ్యే ప్రభుత్వ వెబ్‌సైట్‌కి, ఇద్దరూ వేర్వేరు మనుషులే! రెండు నంబర్ల మీద రెండు సర్టిఫికెట్లు, రెండిట్లోనూ ఒక్క డోసే వేసినట్టు ఉంది. పైగా క్యాంపులో పేరు కొట్టిన అమ్మాయి ఇంటిపేరుకి పొడి అక్షరం ఒక్కటే పెట్టి, పేరు స్పెల్లింగులో ఒక 'ఎ' మింగేసింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది.

ఈ ముడి విప్పింది ఏడు రోడ్ల కూడలి వైపు ఉన్న ఒక చిన్న నెట్ సెంటర్. గదిలో ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్లు మెట్ల మీద నిలబడాలి. ఫ్యాన్ రెక్కలకి దుమ్ము, ప్రింటర్ మీద స్వామి ఫొటో. నడిపే కుర్రాడు మాత్రం పని తెలిసినవాడు. సోంపేట, కవిటి వైపు నుంచి ఓడల్లో ఉద్యోగాలకి వెళ్లే కుర్రాళ్ల ఆన్‌లైన్ ఫారాలన్నీ తనే నింపుతాడట, ఆ అనుభవం కనబడుతోంది. మాటల్లో నేను యెల్లో ఫీవర్ టీకా కూడా కావాలేమో అని అడిగితే, "సింగపూర్‌కి మీకు అక్కర్లేదక్కా. ఆఫ్రికా వైపు వెళ్లే ఓడలైతే విశాఖ పోర్టు హెల్త్ ఆఫీసులో వేయించుకోవాలి, వేశాక పది రోజులు దాటితేగానీ కార్డు చెల్లదు" అని టకటకా చెప్పాడు. ఇంటికొచ్చి చూసుకుంటే అంతా నిజమే.

కోవిన్‌లో లాగిన్ అయ్యాక 'రెయిజ్ యాన్ ఇష్యూ' అని ఒకటి ఉండేది. పేరు దిద్దడం, రెండు మొదటి డోసు సర్టిఫికెట్లు కలపడం, పాస్‌పోర్టు నంబరు చేర్చడం, అన్నీ అందులోనే. ఏ వరసలో చేయాలన్నదే కిటుకు. ఆ కుర్రాడు ముందు రెండూ కలపమని పెట్టాడు. దానికి ఓటీపీ వాలంటీరు ఫోన్‌కి పోతుంది. ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే పెన్షన్ల పనిలో ఉన్నాను, సాయంత్రం చేయండి అన్నాడు. మా అత్తగారు ఫోన్ లాక్కుని, "ఒరే బావూ, నాను ఓడెక్కాలిరా, ఆ అంకెలేవో సెప్పీ" అన్నారు. వెంటనే చెప్పాడు! అవి కలిశాక పేరు. పేరు దిద్దడానికి ఒక్కసారే అవకాశం ఇచ్చేవారు, కాబట్టి కుర్రాడు పాస్‌పోర్టు తెరిచి స్క్రీన్ పక్కన పెట్టి, ఒక్కో అక్షరం నా చేత పైకి చదివించాకే బటన్ నొక్కాడు. చివర్న పాస్‌పోర్టు నంబరు. అది ఎక్కాక విదేశీ ప్రయాణాల కోసం వేరే సర్టిఫికెట్ దిగుతుంది. మామూలు దాంట్లో వయసు మాత్రమే ఉంటే, ఇందులో పుట్టిన తేదీ మొత్తం ఏడాదితో మొదలయ్యే వరసలో ఉంటుంది. అప్పట్లో బయటివాళ్లు అడిగేది ఈ రెండోదాన్నే.

రంగు ప్రింట్లు, లామినేషన్‌తో కలిపి అతను తీసుకున్నది చూసి నాకే మొహమాటం వేసింది. లామినేషన్ కూడా క్యూఆర్ కోడ్ మీద మెరుపు పడకుండా ఉండే రకం వేశాడు. అయిదుకి అయిదు.

ఇక ల్యాబు. మాది విశాఖ నుంచి గురువారం రాత్రి విమానం, ఓడ ఎక్కేది శుక్రవారం మధ్యాహ్నం. కాబట్టి మంగళవారం మధ్యాహ్నం తర్వాత తీసిన శాంపిలే పనికొస్తుంది. ఇక్కడ చాలామంది పొరపడేది ఏమిటంటే, గంటలు లెక్కపెట్టేది రిపోర్టు వచ్చిన టైము నుంచి కాదు, ముక్కులో పుల్ల పెట్టిన టైము నుంచి. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, అది కూడా కలుపుకోవాలి. బుధవారం పొద్దున్న ఇంటికి రమ్మని బుక్ చేశాను.

వచ్చిన అబ్బాయి చెప్పిన టైముకే వచ్చాడు. గేటు దగ్గరే గ్లవ్స్ మార్చుకున్నాడు, ఒక్కొక్కరి దగ్గరా మళ్లీ కొత్తవి. గొంతులో ఒక పుల్ల, ముక్కులో ఒక పుల్ల. రెండూ గులాబీ రంగు నీళ్లున్న చిన్న గొట్టంలో ముంచి, గీత దగ్గర విరిచి, మూత బిగించి, ఐస్ పెట్టెలో నిలబెట్టాడు. మా అత్తగారు కుర్చీలో వెనక్కి వెనక్కి జరిగిపోతుంటే, "మామ్మా, అరసవల్లి దేవుడి పేరు పదిసార్లు అనుకో, అయిపోద్ది" అన్నాడు. ఆవిడ మూడోది అనుకునేలోపే అయిపోయింది. ఈ అబ్బాయికి విడిగా మార్కులు వేయమంటే పదికి పది వేస్తాను.

నాకు లోపల ఒక టెన్షన్ ఉంది. మా ఆయనకి జనవరిలో కరోనా వచ్చి తగ్గింది. తగ్గిపోయినా వైరస్ ముక్కలు కొందరిలో కొన్ని వారాలు మిగిలి, ఈ ఆర్‌టీపీసీఆర్ అనే కరోనా పరీక్షలో పాజిటివ్ చూపిస్తాయి. ఆరు నెలలు గడిచాయి కాబట్టి ఫరవాలేదని మా డాక్టరుగారు అన్నారు, అయినా మనసు ఊరుకోదు కదా. ఈమధ్యే తగ్గినవాళ్లు మాత్రం డాక్టరుని అడక్కుండా టికెట్లు తీయకండి.

శ్రీకాకుళంలో మేము చూసిన ల్యాబు అసలు కలెక్షన్ సెంటరే. పరీక్ష జరిగేది విశాఖలో. బోర్డు మీద ఆ మాట ఎక్కడా లేదు, అడిగితేనే చెబుతారు. పొద్దున్న ఏడింటికి తీసినా, మధ్యాహ్నం తీసినా, పెట్టె బయల్దేరేది ఒకే బండిలో. ఆదివారం బండే లేదు. '24 గంటల్లో రిపోర్టు' అని వాళ్లు చెప్పే లెక్క విశాఖలో పెట్టె దించినప్పటి నుంచి మొదలవుతుంది. ఇది ముందే చెప్పకపోవడం నా దృష్టిలో పెద్ద లోటు.

బుధవారం రాత్రికి ఫోన్‌లోకి రిపోర్టులు వచ్చాయి. అందరికీ నెగటివ్, దేవుడి దయ. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. మా అబ్బాయి పాస్‌పోర్టు నంబరులో ఒక అంకె లేదు. మా అత్తగారి దాంట్లో నంబరే లేదు, ఆధార్ వేశారు. శాంపిల్ తీసిన టైము అందరికీ సాయంత్రం ఆరు దాటి ఉంది. అది విశాఖలో పెట్టె అందుకున్న టైము.

గురువారం వాళ్లు తలుపు తీసేసరికి నేను మెట్ల మీద ఉన్నాను. కౌంటర్‌లో అమ్మాయి, "నెగటివ్ వచ్చింది కదా మేడమ్, నంబరు ఏటికండీ?" అంది. దిద్దే అధికారం ఇక్కడ లేదట, విశాఖ వాళ్లకి మెయిల్ పెట్టాలట, మధ్యాహ్నం దాటుతుందట. నేను పాస్‌పోర్టులు, ఓడ కంపెనీ మెయిల్ కౌంటర్ మీద పరిచి, ఫోన్ కలిపి నాకివ్వమన్నాను. విశాఖలో ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడి, గంటలో దిద్ది పంపాడు.

కొత్త కాగితాలు ప్రింట్ తీసి ఇచ్చారు, అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. వచ్చేయబోతూ మూల ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాను. తెరుచుకున్నది పాత రిపోర్టు! కాగితం మీద పాస్‌పోర్టు నంబరు, కోడ్ వెనక ఆధార్ నంబరు. రేవులో ఎవరైనా స్కాన్ చేస్తే దొంగ రిపోర్టు అనుకోరూ? కౌంటర్ అమ్మాయి మొహంలో మొదటిసారి కంగారు చూశాను. మళ్లీ ఫోను, మళ్లీ నిరీక్షణ. ఈసారి అన్ని కోడ్‌లూ అక్కడే స్కాన్ చేసి చూసుకున్నాకే కదిలాను.

బిల్లు దగ్గర ఇంకో పేచీ. ఇంటికి వచ్చినందుకు ఛార్జీ మనిషికి ఒకటి చొప్పున వేశారు. కుర్రాడు వచ్చింది ఒక్క బండి మీద, ఒక్క ఇంటికి, ఒక్కసారి. మా షాపులో నాలుగు పెయింట్ డబ్బాలు ఒకే ఆటోలో పంపితే నాలుగు కిరాయిలు తీసుకుంటామా? అడిగాక తగ్గించారు. అడగనివాళ్ల సంగతేంటి?

ప్రయాణంలో వీటి అవసరం ఎంతంటే, విశాఖ ఎయిర్‌పోర్టులో టీకా సర్టిఫికెట్లు చూశారు, సింగపూర్‌లో దిగే ముందు నింపే ఆన్‌లైన్ అరైవల్ కార్డులోనూ టీకా వివరాలు అడిగారు. రేవులో ఓడ తాలూకు మనిషి రిపోర్టుల మీద టైము, నంబరు వేలు పెట్టి చదివి, అత్తగారి కాగితం స్కాన్ చేసి మరీ లోపలికి పంపింది. పెనాంగ్‌లో దిగడానికి అప్పట్లో మలేషియా ఈ-వీసా వేరే ఉండాల్సి వచ్చేది, అది ముందే తీసుకున్నాం. తిరిగి వచ్చేటప్పుడు, విదేశాల నుంచి వచ్చేవాళ్లు అప్పట్లో ఆన్‌లైన్‌లో నింపాల్సిన మన ఎయిర్ సువిధ ఫారంలో మళ్లీ అవే టీకా సర్టిఫికెట్లు ఎక్కించాల్సి వచ్చింది, అందుకని ఫోన్‌లో పీడీఎఫ్‌లు ఉంచుకున్నాం. ఓడలో తిండి, పాటలు, ఈత కొలను గురించి వేరే ఎప్పుడైనా రాస్తాను. అత్తగారు మాత్రం అన్నం, పెరుగు ఎక్కడ దొరుకుతుందో మొదటి పూటే కనిపెట్టేశారు.

అప్పట్లో నియమాలు నెలకోసారి మారేవి. మీరు వెళ్లేసరికి టెస్టు ఉండొచ్చు, ఉండకపోవచ్చు, మీ ఓడ కంపెనీ మెయిలే చూసుకోండి. నెట్ సెంటర్ మధ్యాహ్నం భోజనానికి మూస్తారు, పొద్దున్నే వెళ్లండి, టీకాకి ఇచ్చిన నంబరున్న ఫోన్ పట్టుకెళ్లండి.

ల్యాబు యాజమాన్యం ఇది చదివితే రెండు అడుగుతాను. బుకింగ్ ఫారంలో పాస్‌పోర్టు నంబరుకి ఒక గడి పెట్టండి. శాంపిల్ తీసిన టైము, మీ అబ్బాయి గొట్టం మీద పెన్నుతో రాసినదే, రిపోర్టులో ఎక్కించండి. అవి రెండూ జరిగిన రోజున ఈ మూడు మార్కులు నేనే వచ్చి మారుస్తాను.