హైదరాబాదా, హెగ్గోడా, మల్లత్తహళ్లా: నాటకం చదవాలంటే ఏది మేలు?

మా అక్క కూతురు బి.కాం. ముగించి, నాటకం చదువుతానని హెగ్గోడు వెళ్లింది. అప్పటినుంచి బెంగళూరులో తెలిసిన తెలుగువాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మావాడికీ అదే పిచ్చి. యూనివర్సిటీలో చేర్పించాలా, ఏడాది కోర్సు చాలా?" ఏటా ఉగాదికి పదిమందిని పోగేసి ఒక తెలుగు నాటిక వేయిస్తాను కాబట్టి నాకు అన్నీ తెలిసుంటాయని వాళ్ల నమ్మకం. ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పి విసుగొచ్చింది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

మేం గట్టిగా ఆలోచించినవి మూడు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రెండేళ్ల ఎం.పి.ఎ., అంటే థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ. ఇక్కడే మల్లత్తహళ్లి కళాగ్రామలో ఉన్న నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా బెంగళూరు కేంద్రంలో ఏడాది కోర్సు. మూడోది శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో హెగ్గోడు అనే ఊళ్లో నీనాసం అనే నాటక సంస్థ వాళ్ల డిప్లొమా. మొదటిది డిగ్రీ, మిగతా రెండూ కావు. తల్లిదండ్రులంతా ఆగిపోయేది ఇక్కడే. మా అక్క కూడా ఇక్కడే ఆగింది.

"ఏమిరా, ఏడాది చదివితే ఒక కాగితం ఇస్తారంట. ఆ కాగితం పెట్టుకొని యాడికి పోతాది?"

అక్క భయంలో న్యాయం లేకపోలేదు. కాలేజీలో పాఠం చెప్పాలంటే మామూలుగా నెట్, అంటే లెక్చరర్ అర్హత పరీక్ష, రాయాలి. నెట్‌లో పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ కింద డాన్స్, డ్రామా, థియేటర్ కలిపి ఒక సబ్జెక్టు ఉంది. కానీ లెక్చరర్ పోస్టు కోసం అది రాయడానికి పీజీ ఉండాలి, జనరల్ కేటగిరీకైతే 55 శాతం మార్కులు కావాలి. ఏడాది డిప్లొమా అక్కడ పనికిరాదు. తర్వాత పిహెచ్‌డీ చేయాలన్నా అంతే. మీ అమ్మాయికో అబ్బాయికో లెక్చరర్ కావాలని గట్టిగా ఉంటే ఇక మిగతాది చదవక్కర్లేదు, ఎం.పి.ఎ.కి పంపండి. నటన కాకుండా లైటింగ్, సెట్, దర్శకత్వం వైపు మనసున్నా అదే మాట చెబుతాను. లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ బోర్డు దగ్గర కూర్చుని, ఏ లైటు ఏ కోణంలో కొడితే ముఖం మీద నీడ ఎక్కడ పడుతుందో నేర్చుకోవాలంటే ఏడాది చాలదు. నటన నేర్పడమే ముఖ్యమనుకునే చోట దానికి దొరికే గంటలు కూడా తక్కువే.

కానీ నన్ను అడిగేవాళ్లలో పదింట తొమ్మిది మంది పిల్లలు నటించాలనుకునేవాళ్లు. వాళ్ల విషయంలో డిగ్రీ కన్నా, ఫీజు కన్నా, హాస్టల్ కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. మా ఇంట్లో అది ఎలా తేలిందో చెబుతాను.

జనవరిలో ఒక ఆదివారం బనశంకరిలో అక్కావాళ్లింటికి వెళ్లాను. పిల్లకి ఆడిషన్ ప్రాక్టీసు చేయిద్దామని ఒక పేజీ డైలాగు రాసుకెళ్లాను. చెప్పకుండా పొలం అమ్మేసి వచ్చిన కొడుకుని తల్లి నిలదీసే ఘట్టం. దానికి తెలుగు చదవడం రాదు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, బళ్లో చదివింది కన్నడం, ఇంగ్లీషు. వాళ్లమ్మ చదివి వినిపిస్తుంటే ఫోన్లో ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసుకుంది. "మీ నాయన తవ్విన బావిరా అది. ఆ నీళ్లు తాగి పెరిగినోడివి నువ్వు" అని నేను రాస్తే, అది "నీల్లు" అంది. అదేం పెద్ద తప్పు కాదు, వారంలో దిద్దొచ్చు. అసలు లోపం వేరే ఉంది. అన్ని మాటలూ సరిగ్గా పలుకుతోంది గానీ ఇంటికొచ్చిన చుట్టాలతో మాట్లాడుతున్నట్టుంది. కొడుకు మీద కోపం రావడం లేదు. గొంతు పెంచమంటే పెంచింది, అరుపు వచ్చింది, కోపం మాత్రం రాలేదు.

"రాసింది వదిలేయ్. నీ మాటల్లో చెప్పు" అన్నాను.

"కన్నడంలో చెప్పొచ్చా మామా?"

సరేనన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గొంతు పెంచలేదు సరికదా, ఇంకా తగ్గించింది. టేబుల్ మీద పెట్టిన చేయి కదపకుండా "యాకో హీగ్ మాడ్దె?" అంది. ఎందుకురా ఇలా చేశావ్ అని. అంతే. పక్కన కూర్చుని అనపకాయలు ఒలుస్తున్న అక్క చేయి ఆగిపోయింది. "అది మన మాట గాదు గానీ నాకు ఒళ్లు జలదరించిందిరా" అంది రాత్రి భోజనాల దగ్గర.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ఆ పిల్ల తెలుగులో విన్నది ఏమిటి? అన్నం తిన్నావా, ఫోన్ పక్కన పెట్టు, తలకు నూనె రాసుకో. పోట్లాడింది, అలిగింది, అబద్ధం చెప్పి దొరికిపోయింది, ఆటోవాడితో మీటరు గురించి వాదించింది, అన్నీ కన్నడంలోనే. నాటకానికి కావాల్సిన సరుకంతా ఆ భాషలో పోగుపడి ఉంది.

నటనకి ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని మన పాత లెక్క ఉంది కదా. ఒళ్లు వంచడం, నడక, కత్తిసాము, మేకప్, దుస్తులు, ఇవన్నీ ఏ ఊళ్లోనైనా నేర్చుకోవచ్చు, భాష అడ్డురాదు. వాచికం, అంటే మాట, అలా కాదు. పైగా ఈ బళ్లన్నింటిలోనూ మొదటి నెలల్లో ఇంప్రొవైజేషన్ ఎక్కువ చేయిస్తారు. చేతిలో రాసిన డైలాగు ఉండదు. ఎదుటివాడు ఏదో అంటాడు, వెంటనే బదులు చెప్పాలి. మనసులో ఒక భాష నుంచి ఇంకో భాషలోకి మార్చుకుని చెప్పేలోపు ఆ క్షణం అయిపోతుంది. ఒకటి రెండుసార్లు అలా జరిగితే పిల్లలు బిగుసుకుపోతారు, తర్వాత గుంపులో వెనక నిలబడే పాత్రలే వెతుక్కుంటారు. మా ఉగాది నాటికల్లోనే ఇలా ఇద్దరు ముగ్గుర్ని చూశాను.

అందుకే నా సలహా చాలా మోటుగా ఉంటుంది. మీ పిల్లలు కోపం వచ్చినప్పుడు ఏ భాషలోకి పోతారో ఒక నెల గమనించండి. కోర్సు సంగతి తర్వాత.

తెలుగులోకి పోతే హైదరాబాదే కదా అంటారు. అక్కడే ఒక మెలిక ఉంది. గచ్చిబౌలి క్యాంపస్ తెలుగునేల మీద ఉందేగానీ అది సెంట్రల్ యూనివర్సిటీ. దేశం నలుమూలల నుంచీ వస్తారు, పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు నాటకం కోసం వెళ్లి, మలయాళీ, అస్సామీ పిల్లల మధ్య కూర్చుని ఇంగ్లీషులో రష్యా నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ గురించి వ్యాసం రాయాల్సి వస్తుంది. అది చెడ్డదని కాదు, కళ్లు తెరిపిస్తుంది కూడా. తెలుగే కావాలనుకుంటే మాత్రం అదే ఊళ్లో తెలుగు విశ్వవిద్యాలయంలోనూ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ థియేటర్ ఆర్ట్స్ విభాగాలున్నాయి, వాటిని చూడండి. పరిషత్తు నాటకాల మీద ప్రేమ ఉన్నవాళ్లకి అవి ఎక్కువ నప్పుతాయి. ఒకే నాటికని ఊరూరా పరిషత్తుల్లో పోటీకి తిప్పుతారు కదా, ఆ తిరుగుడులో నటుడు రాటుదేలినట్టు క్లాసులో దేలడు.

మల్లత్తహళ్లి గురించి. ఏడాదికి ఇరవై మందిని తీసుకుంటారు, దక్షిణాది రాష్ట్రాల వాళ్లంతా పోటీ పడతారు, ఎంపికైనవాళ్లకి నెలనెలా స్కాలర్‌షిప్ ఇస్తారు. ఢిల్లీ స్కూలు పేరు వెనక ఉండటం, ఇంటికి దగ్గర కావడం వల్ల అక్క ఓటు దీనికే. నా దృష్టిలో దీని అసలు బలం ఊరు. జేపీ నగర్‌లో రంగశంకర అనే నాటకశాల 2004 నుంచి నడుస్తోంది, సోమవారం తప్ప రోజూ ఏదో ఒక నాటకం ఉంటుంది. ఏడున్నర అంటే ఏడున్నరే, తలుపులు వేసేస్తారు. బనశంకరి నుంచి నలభై నిమిషాల ముందు బయల్దేరి కూడా ట్రాఫిక్‌లో ఇరుక్కుని మూసిన తలుపు ముందు నిలబడ్డ సాయంత్రాలు నాకు నాలుగున్నాయి. నాటకం చదివే పిల్లలకి రోజూ ఇంకొకరి నాటకం చూసే వీలుండటం సగం చదువు. జె.సి. రోడ్డులో రవీంద్ర కళాక్షేత్ర అనే ఇంకో నాటకశాల ఉండనే ఉంది. నాలుగు భాషల పిల్లలు ఒకే గదిలో ఉండటం తమాషాగా ఉంటుంది, కానీ భాష ఇంకా తేలని పిల్లలు అందులో మరీ తికమకపడతారేమో అని నాకు అనుమానం.

ఇక హెగ్గోడు. పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. కె.వి. సుబ్బణ్ణ, మిత్రులు 1949లో మొదలుపెట్టిన సంస్థ, నాటక శిక్షణ 1980 నుంచి. వక్కతోటల మధ్య పల్లెటూరు. సాయంత్రం మాల్‌కి వెళ్దామంటే మాల్ లేదు. పాఠం అంతా కన్నడంలోనే. ఆ ఒక్కటి చాలామంది తెలుగువాళ్లకి అడ్డం, మా పిల్లకి అదే వరం. ఇంకో సంగతి కూడా నన్ను లాగింది. 1985 నుంచి వాళ్లకి 'తిరుగాట' అనే సంచార బృందం ఉంది. కొత్త నాటకాలు కట్టి కర్ణాటకమంతా తిప్పుతారు, శిక్షణ పొందినవాళ్లకి అందులో చోటు దొరికే అవకాశం ఉంటుంది. యూనివర్సిటీ నాటకం రెండు మూడు రాత్రులు ఆడి, సెట్ విప్పేసి, మార్కులు వేసేస్తారు. అదే నాటకం ముప్పయ్యోసారి ఆడుతున్నప్పుడు, దీపాలు సరిగా లేని ఊళ్లో, ముందు వరుసలో పసిపిల్ల ఏడుస్తుంటే ఏం చేయాలో ఏ సిలబస్‌లోనూ ఉండదు.

"అయితే తెలుగు వదిలేసినట్టేనా?" అని అక్క చివరికి అడిగింది. బళ్లారి రాఘవ పేరు చెప్పాను. తాడిపత్రిలో పుట్టి, బళ్లారిలో ప్లీడరీ చేసుకుంటూ, తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, హిందీ నాటకాలన్నీ ఆడాడాయన.  మనం అనంతపురం మనుషులం, మన సరిహద్దుల్లో నాటకం ఎప్పుడూ రెండు నాలుకలతోనే బతికింది అన్నాను. "ఆయనకి ప్లీడరీ ఉండె కదరా" అంది అక్క. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. డిప్లొమా అయ్యాక రెండేళ్లు ఎం.పి.ఎ. చేయొచ్చు, బి.కాం. ఎక్కడికీ పోదు అని మాత్రం చెప్పాను. ఏడాది ఎక్కువ పడుతుంది, అంతే.

మిగిలినవి త్వరగా. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్ఎస్‌డీ) మూడేళ్ల డిప్లొమాని పీజీతో సమానంగా గుర్తించారు, కాబట్టి కాగితం బెంగ లేదు. కానీ డిగ్రీతోపాటు నాటకాల అనుభవం అడుగుతారు, హిందీ రావాలి. దాన్ని మొదటి మెట్టు అనుకోకండి. బెంగళూరు యూనివర్సిటీ జ్ఞానభారతి క్యాంపస్‌లోనూ నాటకంలో పీజీ ఉంది, కన్నడం బాగా వస్తేనే. చెన్నై వైపు ఉన్నవాళ్లకి పాండిచ్చేరి యూనివర్సిటీ దగ్గర. ప్రైవేటు యూనివర్సిటీల్లో నాటకాన్ని ఇంగ్లీషు, సైకాలజీలతో కలిపి బి.ఎ.గా ఇస్తున్నారు, ఇంగ్లీషులో కోప్పడే పిల్లలకి బాగానే ఉంటుంది, ఫీజు మాత్రం కళ్లు తిరిగేలా ఉంటుంది. సినిమా కోసమే అయితే వీటిలో దేనికీ పంపకండి, ఏడాదిలో అలిగి వచ్చేస్తారు.

వారాంతపు 'యాక్టింగ్ కోర్సు'ల గురించి కూడా అడుగుతున్నారు. మా పిల్లని మొదట ఒకదానిలో చేర్చాం. మూడు నెలలకి నలభై వేలు కట్టించుకుని, సగం క్లాసులు టీవీలో సీన్లు చూపించి సరిపెట్టారు. చివరికి ఒక ఫోటో ఆల్బమ్ చేతిలో పెట్టారు. ఆ ఆల్బమ్ ఇప్పుడు అక్కావాళ్లింట్లో ఫ్రిజ్ మీద కరెంటు బిల్లుల కింద ఉంది.

ఏది అనుకున్నా, అప్లికేషన్ పెట్టేముందు పిల్లల్ని తీసుకుని ఒకసారి ఆ చోటికి వెళ్లి రండి, ఆడుతుంటే ఒక నాటకం చూడండి. హెగ్గోడుకైతే బెంగళూరులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సాగర చేరతారు. జోగ్ జలపాతం చూసేవాళ్లూ అదే రైలెక్కుతారు, వానాకాలంలో టికెట్లు దొరకవు, ముందే చేయించుకోండి. గొడుగు కూడా పెద్దది పెట్టుకోండి. మేం పెట్టిన మడత గొడుగు మొదటి వారంలోనే ఇరిగిపోయిందట.