లైసెన్స్ ఉందన్నారు, అది మా మిల్లుకు కాదు: ఆదోనిలో సీజన్ కూలీల ఏజెన్సీతో మా అనుభవం

రేటింగ్: 5కి 2. ఆ రెండు కూడా చెప్పిన రోజుకు చెప్పినంత మందిని తెచ్చినందుకే.

మాది ఆదోనిలో చిన్న జిన్నింగ్ మిల్లు, అంటే పత్తి నుంచి గింజలు వేరుచేసేది. పత్తి సీజన్ మొదలైందంటే రాత్రీ పగలూ తేడా ఉండదు, యార్డు నుంచి బండ్లు వస్తూనే ఉంటాయి, దింపడానికీ చెత్త ఏరడానికీ బేళ్లు ఎత్తడానికీ మనుషులు కావాలి, మూడు నాలుగు నెలలు దాటితే మళ్లీ ఆ పనే ఉండదు. ఇంతకు ముందు మేస్త్రీకి చెప్పి ఆలూరు వైపు ఊళ్ల నుంచి పిలిపించుకునేవాళ్లం. 2024 సీజన్‌లో మాత్రం "కాగితాలన్నీ మేమే చూసుకుంటాం సార్, మీకు టెన్షన్ వద్దు" అన్న ఒక మ్యాన్‌పవర్ ఏజెన్సీకి పని ఇచ్చాం. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఏ ఏజెన్సీని పిలిచినా ఇవే చూసుకోవాలి.

మనుషుల విషయంలో వంక పెట్టను. 36 మంది కావాలంటే 36 మందీ వచ్చారు, పండగకు ఊరెళ్లినవాళ్లు తిరిగి రాకపోతే మరుసటి రోజుకే వేరేవాళ్లను పంపారు. ఇబ్బందంతా కాగితాల దగ్గరే.

లైసెన్స్ చూపించమంటే వాట్సాప్‌లో ఒక జిరాక్స్ ఫోటో పంపారు. సీలు ఉంది, సంతకం ఉంది, సరే అనుకుని పక్కన పెట్టేశాం, అది మా తప్పే. తర్వాత కూర్చుని చదివితే అందులో ఉన్నది వేరే జిల్లాలోని వేరే కంపెనీ పేరు, 25 మందికి ఇచ్చింది. అప్పుడు అమల్లో ఉన్న 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం కింద కాంట్రాక్టర్ లైసెన్స్ అంటే డ్రైవింగ్ లైసెన్స్ లాగా ఎక్కడైనా చెల్లేది కాదు. ఏ సంస్థలో పనిచేయిస్తాడో, ఎక్కువలో ఎక్కువ ఎంతమందినో దాని మీదే రాసి ఉండేది, ఆ దరఖాస్తుకు మనలాంటి యజమాని ఫారం 5 అనే ధ్రువపత్రం సంతకం పెట్టి ఇవ్వాల్సి ఉండేది. మమ్మల్ని ఎవరూ ఫారం 5 అడగనే లేదు. అక్కడే మాకు అనుమానం రావాల్సింది.

ఇదేంటని అడిగితే ఏజెన్సీ మనిషి చెప్పిన ఉపాయం వినండి: "మా తమ్ముడి పేరు మీద 18 మంది, నా పేరు మీద 18 మంది రాద్దాం, 20 లోపే కదా, లైసెన్స్ అక్కర్లేదు." ఆ చట్టంలో మామూలు లెక్క 20 మందే (అంతకంటే తక్కువ మందికి కూడా వర్తింపజేసే అధికారం ప్రభుత్వానికి ఉండేది), కానీ కాంట్రాక్టు కూలీలను పెట్టుకోవడానికి మిల్లు తీసుకోవాల్సిన రిజిస్ట్రేషన్‌కు అప్పుడు చూసింది మిల్లులో ఉన్న మొత్తం కాంట్రాక్టు కూలీలను, గత పన్నెండు నెలల్లో ఏ ఒక్క రోజు ఆ సంఖ్య దాటినా సరే. అన్నదమ్ములు పంచుకున్నంత మాత్రాన 36 మంది 18 అయిపోరు. సీజన్ పనే కదా అని తప్పించుకోవడమూ కుదిరేది కాదు, ఏడాదిలో 60 రోజులు దాటి సాగే సీజన్ పనిని ఆ చట్టం మినహాయింపు ఉన్న, ఎప్పుడో ఒకసారి వచ్చే పనిగా చూసేది కాదు.

ఇంకోటి, కొటేషన్‌లో ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) 3.25 శాతం అని కలిపి వసూలు చేశారు. ఒక్కరికీ ఈఎస్ఐ నంబర్ రాలేదు. అసలు జిన్నింగ్, ప్రెస్సింగ్ (పత్తిని బేళ్లుగా నొక్కడం) మాత్రమే చేసే మిల్లును ఈఎస్ఐ చట్టం సీజనల్ ఫ్యాక్టరీ కింద మినహాయించింది. ఆ డబ్బు దేనికి తీసుకున్నట్టు?

అసలు దెబ్బ సీజన్ చివర్లో తగిలింది. ఒక శనివారం బటవాడా (కూలి పంచడం) ఆపేశారు, మరుసటి శనివారం ఫోన్ ఎత్తడం మానేశారు. సోమవారం పొద్దున్నే అందరూ గేటు ముందు కూర్చున్నారు. ఒక పెద్దమ్మ కొంగు ముడి విప్పి మడతలు పెట్టిన క్యాలెండర్ కాగితం తీసింది, ఆ నెలలో పనికి వచ్చిన ప్రతి రోజుకూ బొగ్గుతో గీసినట్టు ఒక్కో గీత, మొత్తం 23. ఏజెన్సీ మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఆమెకు 17 రోజులే రాశారు. మా గేటు రిజిస్టర్ తీసి చూస్తే 23. "మా దుడ్లు ఎవరిస్తారు సామీ?" అని అడిగితే నా దగ్గర మాట లేదు.

కర్నూలులో ఒక లేబర్ కన్సల్టెంట్‌ను కలిస్తే పది నిమిషాల్లో తేల్చేశాడు. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే కూలి యజమానే ఇవ్వాలి, తర్వాత కాంట్రాక్టర్ బిల్లులోంచి పట్టుకోవచ్చు, లేదా అప్పు కింద వసూలు చేసుకోవచ్చు. అసలు బటవాడా జరిగేటప్పుడు మన మనిషి అక్కడ ఉండి సంతకం పెట్టాలని కూడా అప్పటి చట్టంలోనే ఉందట, అది చేసి ఉంటే ఈ 17, 23 గొడవ మొదటి వారమే బయటపడేది. రెండు వారాల కూలి మేమే ఇచ్చాం. అందులో ఒక వారం బిల్లు అప్పటికే ఏజెన్సీకి కట్టేశాం, అంటే ఆ వారానికి రెండుసార్లు కట్టినట్టే. మిగిలిన బిల్లులోంచి కొంత పట్టుకున్నాం, అంతా రాలేదు.

ఆయనే ఇంకో మాట చెప్పాడు. మన రాష్ట్రంలో ఆ 1970 చట్టానికి 2003లో తెచ్చిన సవరణ ప్రకారం సంస్థ ముఖ్యమైన పనిలో కాంట్రాక్టు కూలీలను పెట్టకూడదని ఉండేది, లోడింగ్, అన్‌లోడింగ్, పారిశుధ్యం, వాచ్‌మన్ పని లాంటివాటికి మినహాయింపు ఉండేది. అందుకే ఇప్పుడు జిన్ మెషీన్ల మీద ఉండేవాళ్లను మా రోల్స్‌లోనే, అంటే మా సొంత మనుషులుగానే తీసుకున్నాం.

2025 నవంబరు 21 నుంచి ఆ 1970 చట్టం లాంటి పాత చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, వాటిలో కాంట్రాక్టర్ లైసెన్స్ హద్దు 50 మంది. మాకు 36 మందే కదా అని ఊపిరి పీల్చుకోవడానికి లేదు, కూలి ఎగ్గొడితే మన మీదకే వస్తుంది, కోడ్‌లోనూ అంతే.

ఈ సీజన్ వేరే కాంట్రాక్టర్. బటవాడా మా ఆఫీసు వరండాలోనే, మా గుమస్తా ముందే. ఆ పెద్దమ్మ కూడా వచ్చింది, వేలిముద్ర వేసే ముందు కొంగు ముడి విప్పి, తన గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, రిజిస్టర్‌లో ఎన్ని రోజులు రాశారో చదవమంది.