కెట్టువళ్లమా, దహబియానా: చెక్క పడవలో విలాస విహారానికి ఏది మేలు?

పాతకాలపు చెక్క పడవలను బాగుచేసి, పడకగదులు అమర్చి, యాత్రికులను నీటి మీద తిప్పే విహారాల్లో మన పొరుగున కేరళలోని కెట్టువళ్లం ఒకటి, ఈజిప్టులో నైలు నది మీద తెరచాపతో నడిచే దహబియా మరొకటి. గది ఎంత సొగసుగా ఉందన్నదాని కంటే పడవ రోజుకు ఎంతసేపు కదులుతుంది, ఎక్కడ ఆగగలుగుతుంది అన్న రెండు విషయాలను బట్టే ఈ ఎంపిక చేసుకోవాలని నా అభిప్రాయం.

కెట్టువళ్లం నిజానికి సరుకుల పడవ. ఆంజిలి అనే చెట్టు కలప పలకలను మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి తయారుచేసిన ఈ పడవల్లో అలప్పుళ పరిసరాల వరిసీమ అయిన కుట్టనాడు ధాన్యాన్ని కొచ్చి రేవుకు చేరవేసేవారు. లారీల రాకతో మూలపడిన వాటికి 1990ల తొలినాళ్లలో పర్యాటకం మళ్లీ పని కల్పించింది. దహబియా మాత్రం మొదటినుంచీ మనుషుల కోసం, అందులోనూ కలిగినవారి కోసం కట్టినది. ఆంగ్ల రచయిత్రి అమీలియా ఎడ్వర్డ్స్ 1873–74 శీతకాలంలో నైలు మీద ప్రయాణించింది ఇటువంటి పడవలోనే. తరువాత ఆవిరి ఓడలు దానిని వెనక్కి నెట్టాయి.

ప్రయాణం విషయానికి వస్తే రెండింటికీ పోలికే లేదు. అలప్పుళలోనో కుమరకంలోనో మధ్యాహ్నం పడవ ఎక్కితే, వెంబనాడు సరస్సు మీదా దాని చుట్టుపక్కల కాలువల్లోనూ కొన్ని గంటలు తిరిగి, జాలరులు వలలు వేసే వేళకు, అంటే సాయంత్రం అయిదున్నర ప్రాంతానికి గట్టున కట్టేస్తారు. మరునాడు ఉదయం ఫలహారం ముగిసేసరికి దిగవలసిన చోటు దాదాపు వచ్చేస్తుంది. పైగా పెద్ద పడవలు ఇరుకు కాలువల్లోకి పోలేవు కనుక, సముద్రమట్టానికి దిగువన సాగయ్యే కుట్టనాడు పొలాలను దగ్గరగా చూడాలంటే చిన్న పడవ వేరుగా మాట్లాడుకోవలసిందే.

దహబియా సాధారణంగా ఎస్నా నుంచి ఆస్వాన్ దాకా నాలుగైదు రోజులు సాగుతుంది. నైలు ఉత్తరానికి పారుతుంది, గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి దక్షిణానికి వీస్తుంది; అందువల్ల ఏటికి ఎదురు వెళ్లేటప్పుడే తెరచాపకు బలం చేకూరుతుంది. గాలి పడిపోతే చిన్న మోటారు పడవ దానిని లాక్కుపోతుంది. ఎడ్ఫు, కోమ్ ఓంబో ఆలయాలను పదుల కొద్దీ గదులుండే ఉక్కు ఓడలు కూడా చూపిస్తాయి; కానీ ప్రాచీన ఆలయాలకు ఇసుకరాయిని తొలిచి తీసిన గెబెల్ ఎల్ సిల్సిలా వద్ద అవి ఆగలేవు, తక్కువ లోతు చాలే దహబియా ఆగగలదు. ఆ ఒక్క మజిలీ కోసమైనా నైలు మీద నేను ఉక్కు ఓడను కాదని దీనినే ఎంచుకుంటాను.

పాతదనం గురించి మాత్రం రెండు చోట్లా జాగ్రత్త అవసరం. నేటి దహబియాల్లో చాలావరకు పాత పద్ధతిలో కొత్తగా కట్టినవే, కొన్నింటి అడుగుభాగం ఉక్కుదే. అలప్పుళలోనూ ఎన్నడూ ధాన్యం మోయని రెండంతస్తుల పడవలు కొల్లలుగా ఉన్నాయి. అసలైన పాత పడవే కావాలనుకునేవారు బయానా ఇచ్చే ముందే ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి. ఏసీ రోజంతా నడుస్తుందా, రాత్రికేనా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. 2019లో గోదావరి మీద కచ్చులూరు ప్రమాదాన్ని చూసిన మనకు లైఫ్ జాకెట్ల లెక్క అడగమని ఎవరూ గుర్తు చేయనక్కరలేదు.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో పెద్దవారితో, పిల్లలతో రెండు రోజుల సెలవు మీద వెళ్లే కుటుంబానికి కెట్టువళ్లమే మేలు: పడవ మొత్తం మనకే ఉంటుంది, వంటవాడు మన కారం స్థాయికి వండిపెడతాడు, ఖర్చూ అందుబాటులోనే ఉంటుంది. అయితే అది నీటి మీది విడిది. నదీ ప్రయాణమనే మాట దహబియాకే చెల్లుతుంది. వారం సెలవూ, విమాన ఖర్చులకు సరిపడా సొమ్మూ, గాలి కోసం ఆగే ఓపికా ఉన్నవారు దానికే వెళ్లాలి. రెండింటికీ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. జూన్ నుంచి కేరళలో వానలు ముసురుకుంటాయి, ఆస్వాన్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.