ది హోస్ట్ (2006): ఎలివేషన్ ఒక్కటీ లేని హీరో

సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగండి, ముగింపు కూడా చెప్పేస్తున్నాం.

సియోల్‌లో హాన్ నది ఒడ్డున చిరుతిళ్ల కొట్టు. అందులో నిద్రపోతూ పరిచయమవుతాడు పార్క్ గాంగ్-డు. లేచాక గిరాకీకి పంపాల్సిన కాల్చిన స్క్విడ్‌లోంచి ఒక కాలు తినేస్తాడు. ఇదీ హీరో ఎంట్రీ. మనకు అలవాటైన లెక్కలో ఇలాంటివాడు ఇంటర్వెల్‌కి మేలుకోవాలి, క్లైమాక్స్‌లో విజృంభించాలి. దర్శకుడు బోంగ్ జూన్-హో ఆ మేలుకునే సీను రాయనే లేదు.

అలాగని గాంగ్-డు పిరికివాడు కాదు. పావుగంట తిరక్కుండానే నదిలోంచి ఒక భారీ వింత మృగం పట్టపగలు ఒడ్డెక్కి జనం మీద పడితే, ఒక అమెరికన్ సైనికుడితో కలిసి ఎదురెళ్తాడు. అతనికి కుదరనిది ధైర్యం కాదు, నిలకడ. కూతురి చెయ్యి పట్టుకుని పరుగెడుతూ పడిపోతాడు, లేచి మళ్లీ చెయ్యందుకుంటాడు. అది అదే యూనిఫాం వేసుకున్న వేరే పిల్లది. వెనక్కి తిరిగేసరికి కూతురు మృగం తోకకు చిక్కిపోయింది. తర్వాత తుపాకీలో ఒక గుండు మిగిలిందని తండ్రి చేతికిస్తాడు. లెక్క తప్పింది, తుపాకీ ఖాళీ. తండ్రి ప్రాణం పోతుంది. రెండూ ఎవరైనా చేయగల పొరపాట్లే, అందుకే అంత గుచ్చుకుంటాయి.

వీడెందుకిలా తయారయ్యాడో తండ్రి చెప్పే సీను రచనలో మేలిముత్యం. చిన్నప్పుడు సరైన తిండి లేక ఇలా అయ్యాడని పెద్దాయన బాధపడుతుంటే, వినాల్సిన పిల్లలు ముగ్గురూ కునికిపాట్లు పడుతుంటారు. జాలి, నవ్వు ఒకే షాట్‌లో. గాంగ్-డుగా సాంగ్ కాంగ్-హో నటన కూడా అలాంటిదే: సానుభూతి కోసం ఎక్కడా చేయి చాపదు.

చివర్లో మృగాన్ని చంపే ఘనత కూడా అతనొక్కడిదే కాదు. ఇల్లూవాకిలీ లేని ఒకాయన పెట్రోలు పోస్తాడు, తమ్ముడి చేతిలోంచి ఆఖరి సీసా జారిపోతుంది, చెల్లెలు నిప్పు బాణం వేస్తుంది, గాంగ్-డు ఇనుప కమ్మీతో అడ్డుకుంటాడు. అప్పటికే కూతురు దక్కలేదు. ఆమె కాపాడిన పిల్లాడు మాత్రం బతుకుతాడు, వాణ్ని గాంగ్-డు తెచ్చి పెంచుకుంటాడు. ఇంత చేదు ముగింపుతో కొరియాలో కోటీ ముప్పై లక్షలకు పైగా టికెట్లు తెగాయి.

లోపాలూ ఉన్నాయి. ఆసుపత్రి భాగం సాగింది, అమెరికన్ డాక్టర్ల పాత్రలు మొరటుగా ఉన్నాయి, క్లైమాక్స్‌లో గ్రాఫిక్స్ మంట అతికించినట్టు కనిపిస్తుంది. పగటి దాడిలో మృగం మాత్రం ఇప్పటికీ నమ్మిస్తుంది.

నిడివి రెండు గంటలు. కొరియన్ ఆడియో, సబ్‌టైటిల్స్‌తోనే చూడండి. గాంగ్-డు స్వభావం సగం అతని నంగి మాటల్లోనే ఉంది, డబ్బింగ్‌లో అది నిలవదు. చిన్నపిల్లలతో కలిసి చూడొద్దు: ఆపదలో ఉండేది పిల్లలే, పైగా ముగింపు వాళ్లకు ధైర్యం చెప్పదు.