చపాతీలు ఒత్తినా అడుగులే: ఫిట్‌నెస్ బ్యాండుతో మూడేళ్లు

కొన్న వారానికే ఐదు చుక్కలు కొట్టేసే రివ్యూలు చదివి విసుగొచ్చి ఇది రాస్తున్నాను. నాది మూడేళ్ల వాడకం. ధర రెండున్నర వేల లోపే, నల్ల రబ్బరు పట్టీ, బొటనవేలంత తెర. కంపెనీ పేరు రాయను, ఈ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఒకే తానులో ముక్కలు. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి పంపింది. దానికి నెల ముందే నా హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష, 6.3 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు గుమ్మంలో నిలబడ్డట్టు, 6.5కి చేరితే లోపలికొచ్చి కూర్చున్నట్టు. అప్పటికి నాకు 47 ఏళ్లు, విశాఖపట్నం ద్వారకానగర్‌లో అకౌంట్స్ ఉద్యోగం, కుర్చీలోంచి లేచేది మధ్యాహ్నం క్యారేజీ విప్పడానికే.

మొదటి మూడు నెలలు నాకు నిజంగానే పిచ్చి పట్టింది. ఇల్లు ఎంవీపీ కాలనీలో కాబట్టి తెల్లారకుండానే లాసన్స్ బే మీదుగా బీచ్ రోడ్డెక్కేదాన్ని. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్న పూట బండ్లు ఆపేస్తారు కదా, కాళీమాత గుడి, కురుసుర సబ్‌మెరైన్ దాటుకుంటూ అంత వెడల్పు రోడ్డు మీద నడుస్తుంటే ఏదో సొంత ఊళ్లో సొంత రోడ్డులా ఉండేది. పదివేల అడుగులు పూర్తయితే మణికట్టు మీద చిన్న వణుకు, తెర మీద బాణాసంచా. ఆ బాణాసంచా కోసం నేను పడ్డ పాట్లు చెబితే నవ్వుతారు. రాత్రి 9,640 దగ్గర ఆగిపోతే హాల్లో సోఫా చుట్టూ తిరిగేదాన్ని, మా ఆయన టీవీ చూస్తూనే "అదేదో సింహాచలంలో తిరిగితే పుణ్యమైనా దక్కును" అనేవారు.

తర్వాత తెలిసింది, ఈ పదివేలు ఏ డాక్టరూ రాసిచ్చిన మందు కాదని. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, అంటే 1965లో, జపాన్‌లో యమాసా అనే కంపెనీ నడుముకు పెట్టుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మకానికి తెచ్చి దానికి మాన్‌పో-కే అని పేరు పెట్టింది. ఆ మాటకు అర్థమే పదివేల అడుగుల మీటరు. పేరు బాగుంది, అంకె గుండ్రంగా ఉంది, అలా నిలబడిపోయింది. తర్వాత చేసిన పరిశోధనల్లో అరవై దాటినవాళ్లకు ఆరు నుంచి ఎనిమిది వేల దగ్గరే లాభం చాలావరకు అందుతున్నట్టు తేలింది, అంతకన్నా చిన్నవాళ్లకు ఎనిమిది నుంచి పదివేల మధ్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే అడుగుల ఊసే ఎత్తదు, పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా కదలమంటుంది. ఇది చదివిన రోజే టార్గెట్‌ని ఏడువేలకు దించాను. బాణాసంచా అదే, సోఫా ప్రదక్షిణలు మాత్రం తగ్గాయి.

అసలు ఆ అడుగులైనా సరైనవా అంటే అదో కథ. ఒక ఆదివారం చపాతీల పిండి కలిపి, ఇరవై చపాతీలు ఒత్తి, చెయ్యి కడుక్కుని చూస్తే రెండు వందల చిల్లర అడుగులు పెరిగి ఉన్నాయి. నేను స్టవ్ ముందు నుంచి కదిలితే ఒట్టు! అదే రోజు సాయంత్రం రైతుబజారుకి వెళ్లి, బ్యాండు ఉన్న ఎడం చేత్తో ఐదు కిలోల కూరగాయల సంచి మోసుకుంటూ ఇంటిదాకా నడిచొస్తే సగం అడుగులు కూడా ఎక్కలేదు. లోపలున్న యాక్సెలరోమీటర్‌కి, అదే కదలికని పసిగట్టే పరికరానికి, తెలిసేది చెయ్యి ఊపే, కాళ్ల సంగతి దానికి తెలీదు. చెయ్యి ఊగితే నడిచినట్టు, సంచి బరువుకి చెయ్యి బిగుసుకుపోతే నిలబడ్డట్టు. గోతుల రోడ్డు మీద స్కూటీ నడిపినా ఎన్నో కొన్ని వేస్తుంది. ఇంటిపని చేసే ఆడవాళ్ల విషయంలో ఈ లెక్క ఎప్పుడూ అటో ఇటో తప్పుతూనే ఉంటుంది, యాప్ తయారుచేసినవాళ్లు ఎవరూ కవ్వం పట్టి మజ్జిగ చిలికినట్టు లేరు.

గుండె లెక్క ఇంకాస్త నయం, అయితే పట్టీ సరిగ్గా కట్టుకోవాలి. దాని కింద పచ్చ లైటు మినుకుమంటుంది చూడండి, ఆ వెలుతుర్ని రక్తం ఎంత పీల్చుకుంటోందో చూసి గుండె వేగం అంచనా వేస్తుంది. చేతికి గాజులున్నాయనుకోండి, అవి పట్టీని నెట్టేస్తాయి, సందులోంచి వెలుతురు దూరుతుంది, లెక్క పోతుంది. కైలాసగిరి మెట్లెక్కుతూ, మాట రానంత ఆయాసంలో చూసుకుంటే 92 అని చూపించింది. మెడ దగ్గర వేలు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే 148. నా వయసుకి, అదే 220లోంచి వయసు తీసేసే మోటు లెక్క ప్రకారం, పై హద్దు 173. అంటే గట్టిగానే ఎక్కుతున్నాను, చేతికున్నది మాత్రం నేనేదో పేపరు చదువుకుంటున్నాననుకుంది. అప్పటినుంచి నడకకి వెళ్లేటప్పుడు గాజులన్నీ కుడి చేతికి మార్చి, మణికట్టు ఎముకకి ఒక వేలు పైన కాస్త బిగించి కడుతున్నాను, తేడా బాగానే కనిపించింది.

ఇక భయపెట్టినవి. ఒక డిసెంబరు రాత్రి మెలకువ వచ్చి చూస్తే రక్తంలో ఆక్సిజన్ 86 అని ఉంది. కరోనా రోజుల్లో ఆ అంకె ఎంత భయపెట్టిందో మర్చిపోయామా? కాళ్లు చల్లబడ్డాయి. పక్కింటి మాస్టారిని రాత్రి రెండింటికి లేపి, వాళ్ల ఆక్సీమీటరు వేలికి పెట్టుకుంటే 97. పట్టీ వదులై, చెయ్యి చల్లగా ఉన్నందుకు వచ్చిన తంటా అది. మాస్టారి భార్య విసుక్కోకుండా టీ పెట్టి ఇచ్చారు, ఇప్పటికీ మొహం చూడాలంటే సిగ్గు. మర్నాడే ఆ ఫీచర్ ఆపేశాను. నిద్ర లెక్క కూడా ఆపేశాను. మంచం మీద కదలకుండా పడుకుని సీరియల్ చూసిన గంటన్నరని గాఢనిద్ర అని రాసుకుని, మర్నాడు నిజంగా బాగా పడుకుని లేస్తే నిద్ర చాల్లేదని స్కోరు 61 ఇచ్చింది. ఆ అంకె చూశాక రోజంతా నీరసంగా అనిపించడం నా తప్పే అనుకోండి.

సూది గుచ్చకుండా షుగరు చూపిస్తుందని మా మరిది ఓ వాచీ తెచ్చాడు, నాలుగు వేలు పోసి. 2024 ఫిబ్రవరిలోనే అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, చర్మానికి గుచ్చకుండా షుగరు కొలిచే వాచీ గానీ ఉంగరం గానీ మేం దేనికీ అనుమతి ఇవ్వలేదు, నమ్మొద్దు అని హెచ్చరించింది. అది చెబితే వినడే. చివరికి దాన్ని అరటిపండుకి కట్టి చూశాం, 104 చూపించింది. అరటిపండులో షుగరుంది కదా వదినా, అంటాడు. నవ్వుకోవడానికి బాగుంది కానీ ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఎవరైనా ఇలాంటి అంకె నమ్మి డోసు మార్చుకుంటే ప్రాణం మీదకొస్తుంది.

సింహాచలం కొండ చుట్టూ నడిచే గిరి ప్రదక్షిణ రోజు సంగతి క్లుప్తంగా చెప్తాను. కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాను, 32 కిలోమీటర్లు, వట్టి కాళ్లు, మధ్యలో వాన. బ్యాండు మాధవధార దాకా వచ్చి చార్జి అయిపోయి పడుకుంది. అప్పటికి ముప్పై ఐదు వేలు దాటింది, మిగతాది అప్పన్న లెక్కలోకి వెళ్లిందనుకున్నాను.

ఇన్ని తిట్టి మరి మూడేళ్లు ఎందుకు కట్టుకున్నావంటే, ఎవరూ పొగడని ఒక్క పని కోసం. గంటసేపు కదలకపోతే మణికట్టు మీద రెండుసార్లు వణుకుతుంది, లెమ్మని. అంతే. ఆఫీసులో అది వణికినప్పుడల్లా లేచి చివరి గదిదాకా నడిచి సీసాలో నీళ్లు పట్టుకొస్తాను, అందుకే సీసా కూడా చిన్నది కొన్నాను. ఇంకోటి, రాత్రి 8:45కి ఒక అలారం పెట్టాను, భోజనం అయ్యాక శివాజీ పార్కు వైపు పదిహేను నిమిషాల నడక. తిన్నాక కాళ్లు కదిలితే కండరాలు రక్తంలోని గ్లూకోజుని వాడేసుకుంటాయి, షుగరు ఒక్కసారిగా ఎగబాకదు. నాకు పనిచేసింది ఈ నడకే అని నా నమ్మకం, ఎందుకంటే పొద్దున్న పదివేలు నడిచి రోజంతా కూర్చున్న ఆ మొదటి ఆరు నెలల్లో హెచ్‌బీఏ1సీ 6.3 నుంచి 6.2కి మాత్రమే దిగింది. అడుగులు తగ్గించి, వాటిని భోజనాల తర్వాతకి పంచి, రాత్రి అన్నం సగం చేశాక 5.9. మొన్న మామిడిపళ్ల రోజులయ్యాక మళ్లీ 6.0, దానికి బ్యాండుది బాధ్యత కాదు. ఎన్ని అడుగులో అది చెబుతుంది, ఎప్పుడు వేశావన్నది యాప్‌లో ఎక్కడో మూల గ్రాఫులో ఉంటుంది, దానికి బాణాసంచా లేదు.

వస్తువు మన్నిక విషయానికొస్తే, మన సముద్రపు గాలికి, ఉక్కపోతకి పట్టీ కొక్కెం ఏడాదికల్లా తుప్పు పట్టింది, ఇది మూడో పట్టీ. వేసవిలో కింద చెమట నిలిచి చర్మం ఎర్రబడి దురద పెట్టింది, రాత్రిళ్లు తీసేసి తుడిచి పెడితే తగ్గింది. ఫోను మార్చినప్పుడు యాప్‌లో ఏడు నెలల డేటా ఎగిరిపోయింది, కస్టమర్ కేర్‌కి నాలుగు మెయిళ్లు పెడితే నాలుగింటికీ ఒకటే జవాబు, అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి అని. రక్తపరీక్ష రిపోర్టులు మాత్రం నేను కాగితం మీదే దాచుకున్నాను, అవి ఎక్కడికీ పోలేదు.

మొదట్లో పది రోజులొచ్చిన చార్జి ఇప్పుడు నాలుగు రోజులే వస్తోంది. నిన్న రాత్రి చార్జింగులో పెట్టి మర్చిపోయాను, అలారం మోగలేదు. ఆయనే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి "ఏటీ, ఇవాళ లేదా?" అన్నారు. ఇది పాడైతే మళ్లీ ఈ ధరలోదే కొంటాను, ఆక్సిజన్, నిద్ర, స్ట్రెస్ స్కోరు ఏవీ అక్కర్లేదు, వణుకు గట్టిగా ఉంటే చాలు.