ఉలూరు క్యాంపింగ్ టూర్: అనంతపురం నుంచి వెళ్లొచ్చాక
మెల్‌బోర్న్‌లో ఉండే మా తమ్ముడు బుక్ చేశాడు, కంపెనీ పేరు వద్దులెండి. మూడు రోజులు, చిన్న బస్సులో పద్దెనిమిది మందిమి, ఆస్ట్రేలియా నడిమధ్యలో ఉండే ఆలిస్ స్ప్రింగ్స్ ఊరి నుంచి ఉలూరు అనే పెద్ద ఎర్ర రాతికొండకి దాదాపు 450 కిలోమీటర్లు. దారంతా ఎర్రమట్టి, ముళ్లకంపలు చూసి "దీనికి ఇంత దూరం రావాల్నా, మన తాడిపత్రి రోడ్డు చాలదా" అంది మా ఆవిడ. సాయంత్రం ఆ కొండ రంగు మారుతుంటే మాత్రం నోరు మెదపలేదు.

కొండ ఎక్కనివ్వరు, అది అక్కడి ఆదివాసులు అనంగు వాళ్లకు పవిత్రం, 2019 అక్టోబరు నుంచి నిషేధం. చుట్టూ పది కిలోమీటర్ల నడక ఉంది, అచ్చం గిరి ప్రదక్షిణే.

పడకే దెబ్బ కొట్టింది. టెంట్లుండవు, స్వాగ్ అని పరుపు కుట్టిన కాన్వాసు సంచి ఇస్తారు, అందులో దూరి ఆకాశం కింద పడుకోవాలి. జూలై చలి. నా జిప్పు సగంలో ఇరుక్కుంది, గైడును లేపితే "పొద్దున చూద్దాం" అని అటు తిరిగి పడుకున్నాడు, నేను మంకీ క్యాపు పెట్టుకుని నిప్పుల దగ్గర చుక్కలు లెక్కపెట్టా. అన్ని చుక్కలు మా ఊళ్లో కరెంటు పోయినా కనపడవు, అది వేరే సంగతి.

శాకాహారులకు మూడు పూటలా బీన్సే. ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేసి తెచ్చుకున్న చెనిక్కాయల పొడే ఆదుకుంది. వెళ్లేవాళ్లు జిప్పు మాత్రం చీకటి పడకముందే లాగి చూసుకోండి.